జాబ్రియా సమావేశంలో రెడ్డెమ్మకు ఐదు నిమిషాలు

రాయచోటి నుంచి చెన్నై బస్సు తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరింది. తిరుపతిలో టిఫిను, మధ్యాహ్నానికి చెన్నై, సాయంత్రం ఐదుకు విమానం. అది బుధవారం. కువైట్‌లో శుక్రవారం జరిగే ఒక సమావేశంలో మాట్లాడటానికి వెళుతున్నాను.

కువైట్‌లో ఉంటున్న చదువుకున్న ఆడవాళ్లు కొందరు నెలకోసారి కలుసుకుని స్త్రీల హక్కుల గురించి చర్చించుకుంటారు. కువైటీలు, ఈజిప్టు వాళ్లు, ఐరోపా వాళ్లు, మనవాళ్లు కలిపి ముప్పై మంది దాకా ఉంటారు. జాతి, రంగు చూడకుండా ఆడవాళ్లందరినీ ఉద్యమంలోకి కలుపుకోవడం ఎలా అన్నది ఈసారి చర్చ. గల్ఫ్‌కు పోయివచ్చిన ఆడవాళ్ల కోసం రాయచోటిలో మేం నడుపుతున్న చిన్న సంఘం గురించి శ్రీలతగారు ఎక్కడో చదివారట. ఆవిడ విజయవాడ మనిషి, డాక్టరుగారి భార్య, ఆ బృందంలో సభ్యురాలు. ఫోన్ చేసి నన్ను రమ్మన్నారు. అక్కడ ఇంటిపని చేసే ఒకావిడను వెంటబెట్టుకొస్తే ఆవిడ అనుభవం కూడా విందాం అన్నారు. నాకు వెంటనే రెడ్డెమ్మ గుర్తొచ్చింది. మా సంఘంలో ఆమె చెల్లెలు ఉంది. రెడ్డెమ్మ పదకొండేళ్లుగా అక్కడ మిష్రిఫ్‌లో ఒకే ఇంట్లో పనిచేస్తోంది. ఆమె మామాను, అంటే ఆ ఇంటి యజమానురాలిని, అనుమతి అడగాలి కాబట్టి ఫోన్ నంబరు కావాలన్నారు శ్రీలతగారు. ఇచ్చాను.

విమానంలో నా పక్క సీటు రాజంపేట దగ్గరావిడది. సెలవు ముగించుకుని పనిలోకి పోతోంది. యాడికి పోతాండావక్కా అని అడిగితే ఒక మీటింగుకు అన్నాను.

“మీటింగు కోసరం కువైట్ దాకానా? మేము శుక్రవారం అంగడికి పోవాలన్నా అడగల్ల.”

దిగేసరికి అక్కడ ఏడున్నర. శ్రీలతగారు స్వయంగా కారు తెచ్చారు. జాబ్రియాలో ఆరో అంతస్తులో వాళ్ల ఫ్లాటు. సమావేశం కూడా అక్కడే. దారిలో ఆవిడ తన బాధ చెప్పుకొచ్చారు. ఆరేళ్లుగా సభ్యురాలు. ఒక్కసారి కూడా అధ్యక్షత ఇవ్వలేదు. ఇండియన్లకు మిగిలేది టీ, సమోసాల ఏర్పాటు. ఆవిడ ఏదైనా చెబితే యాస అర్థం కాలేదంటారు, అదే మాట పది నిమిషాల తర్వాత ఐరోపా ఆవిడ అంటే రాసుకుంటారు. విన్నకొద్దీ నాకు మండింది. సభలో ఈ మాట తప్పకుండా లేవనెత్తాలి అన్నాను. శ్రీలతగారు నా చెయ్యి పట్టుకున్నారు.

ఇంట్లో అల్మాజ్ అనే అమ్మాయి తలుపు తీసింది. ఇథియోపియా నుంచి వచ్చి మూడేళ్లయిందట. నాకు ఇచ్చిన గది చాలా బాగుంది. అల్మాజ్ పడుకునేది బట్టలుతికే మిషను పక్కన చిన్న కొట్టుగదిలో అని మర్నాడు తెలిసింది. చూశాను, ఏమీ అనలేదు. అతిథిని కదా అనుకున్నాను.

శుక్రవారం పొద్దున పదిన్నరకు అబ్బాసియా బస్సు ఎక్కాను, టికెట్టు మూడు వందల ఫిల్సులు. దిగగానే దోసె వాసన, తెలుగు బోర్డులు, టైలరింగు షాపుల ముందు గుంపులు. రెడ్డెమ్మ చిన్నాన్న కూతురు అక్కడ ఒక టైలరు భార్య, రెండు గదుల ఫ్లాటు. శుక్రవారాల్లో రెడ్డెమ్మ అక్కడికే వస్తుంది. ఫోన్లో గొంతు విని పెద్ద మనిషి అనుకున్నాను. సన్నగా, చురుగ్గా ఉంది. నలభై దాటి ఉండవు. నాకు పప్పు, రాగి సంగటి పెట్టి, ఒక నోటుబుక్కు కాగితం తీసింది. అందులో మూడు మాటలున్నాయి. వారానికొక రోజు సెలవు. ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండేందుకిచ్చే అనుమతి కార్డు, ఫోను మా దగ్గరే ఉండాలి. పడుకునే గదికి లోపల గడియ ఉండాలి.

“నా కష్టం చెప్పి అందరినీ ఏడిపించేది నాకొద్దక్కా. ఈ మూడూ మా ఇండ్లల్లో చేస్తామని ఆ అమ్మలు చెప్పల్ల. అంతే నేనడిగేది.”

అంతకంటే సూటిగా ఏ తీర్మానమూ ఉండదని నాకు అనిపించింది. మూడున్నరకు ఇద్దరం జాబ్రియా చేరాం. లిఫ్టు దిగగానే శ్రీలతగారు నన్ను హాల్లోకి తీసుకెళ్లి ఒక్కొక్కరికీ పరిచయం చేయడం మొదలుపెట్టారు. వెనక రెడ్డెమ్మ వస్తోందనే అనుకున్నాను. పది నిమిషాల తర్వాత చూస్తే లేదు. వెతుక్కుంటూ వెళ్తే వంటింట్లో అల్మాజ్ పక్కన నిలబడి టీ గ్లాసులు తుడుస్తోంది. ఫ్లాటుకు వంటింటి వైపు ఇంకో తలుపుంది. మాతోపాటు లిఫ్టులో పైకొచ్చిన వాచ్‌మన్ ఆమెను అటు పంపాడట. శ్రీలతగారు చూసి, వచ్చావు కదా, నీ వంతు వచ్చేదాకా కాస్త సాయం చెయ్యమన్నారట.

శ్రీలతగారిని పక్కకు పిలిచి ఇదేమిటని అడిగాను.

“అయ్యో, అందరూ ఇంగ్లీషులో మాట్లాడుతుంటే ఆవిడకు ఇబ్బంది కదండీ. లోపలైతే ఫ్రీగా ఉంటుందని.”

నేనే వెళ్లి రెడ్డెమ్మను తీసుకొచ్చాను. కుర్చీలు లేవు. నాది ఇచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు ఎవరో పరుగున వెళ్లి నాకు కుర్చీ తెచ్చారు. అంటే ఇంట్లో కుర్చీలున్నాయి.

అధ్యక్షురాలు ఐరోపా ఆవిడ. అందరినీ కలుపుకోవడం గురించి నలభై నిమిషాలు మాట్లాడింది. శ్రీలతగారు లేచి, ఇక్కడ ఇండియన్లకు జరుగుతున్న అవమానం గురించి చెప్పారు. అందులో ప్రతి మాటా నిజం. గట్టిగా చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడే అల్మాజ్ ట్రే పట్టుకుని వచ్చింది. ఎవరూ తలెత్తకుండా గ్లాసులు తీసుకున్నారు.

చివర్లో రెడ్డెమ్మకు ఐదు నిమిషాలన్నారు. ఆమె లేచి అరబ్బీలో మొదలుపెట్టింది. ముగ్గురు పిల్లల్ని పెంచుతూ, అంగడివాళ్లతో, డ్రైవర్లతో మాట్లాడుతూ నేర్చుకున్న అరబ్బీ అది. వ్యాకరణం తప్పులేమో, ముందు వరసలో ఇద్దరు నవ్వుకున్నారు. ఒక పెద్ద వయసు కువైటీ ఆవిడ వాళ్ల వైపు తిరిగి ఏదో అంది, నవ్వు ఆగింది. ఈలోగా అధ్యక్షురాలు, మీ సొంత భాషలో అయితే సహజంగా ఉంటుంది, మీ జీవితం గురించి చెప్పండి, అరుణగారు అనువదిస్తారు అని నన్ను చూపించింది.

రెడ్డెమ్మ తెలుగులో ఆ మూడు మాటలూ చెప్పింది. “ఈడ కూచున్నోళ్ల ఇండ్లల్లో ముందు ఇవి జరగల్ల,” అని ముగించింది.

ఆ తర్వాత నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. అన్ని ఇళ్లలోనూ ఇలాంటి మార్పు రావాలని ఆమె ఆశిస్తోంది అని ఇంగ్లీషులో చెప్పాను. టికెట్టు కొనిచ్చి, గది ఇచ్చి, భోజనం పెట్టిన వాళ్ల ముఖం మీద ఆ మాట అనలేకపోయాను. ఎవరూ నన్ను అడగలేదు, నా అంతట నేనే మెత్తబరిచాను. ఆ మాత్రం ఇంగ్లీషు రెడ్డెమ్మకు వచ్చు. నా వైపు ఒకసారి చూసి, మళ్లీ అరబ్బీకి మారింది. ఈసారి నాక్కూడా అర్థమైంది, ఎందుకంటే మీ ఇళ్లు అంటూ చేత్తో వరసంతా చూపించింది, చివరికి వంటింటి తలుపు వైపు చూపించి ఈ ఇల్లు కూడా అంది.

అధ్యక్షురాలు గడియారం చూసుకుంది. ఇళ్లలో విషయాలు ఎవరికి వారి సొంతమని, ఈ వేదిక అందుకు కాదని, ధన్యవాదాలని చెప్పింది. లేబరు క్యాంపుల మీద, చట్టాల మీద, ఇంకో దేశంలో జరిగే అన్యాయం మీద ఎన్నో తీర్మానాలు చేశారట. తమ తమ కొట్టుగది తలుపుకు గడియ పెట్టే విషయం మాత్రం సొంత విషయం. ఆ కువైటీ పెద్దావిడ ఒక్కతే రెడ్డెమ్మ దగ్గరికొచ్చి, ఆ మూడూ అరబ్బీలో చెప్పించుకుని రాసుకుంది. తర్వాత ఫోటో. రెడ్డెమ్మను మధ్యలో నిలబెట్టారు. ఫోటో తీయమని ఫోను అల్మాజ్ చేతికిచ్చారు.

శనివారం పదకొండు గంటలకు రెడ్డెమ్మ ఫోన్ చేసింది. ఆమె శుక్రవారం సెలవు పోయింది. మీ పనిమనిషి మా ఇంటికొచ్చి ఉపన్యాసాలిస్తోంది, జాగ్రత్త అని ఎవరో మామాకు చెప్పారట. ఆ నంబరు ఎవరి దగ్గర ఉందో నాకు తెలుసు. నేనే ఇచ్చాను.

అడిగితే శ్రీలతగారు దాచలేదు. “ఆవిడ మంచికే చెప్పానండీ. వీళ్ల మధ్య గౌరవం సంపాదించుకోవడానికి మాకు ఎన్నేళ్లు పట్టిందో మీకు తెలీదు. ఒక్క పూటలో పోగొట్టింది.”

“ఆవిడను కలుపుకోవడానికేగా మీరు సభ పెట్టింది?”

“ఆవిడ తన అనుభవం చెప్పి ఉంటే అందరూ ఎంతో ఆదరించేవాళ్లు.”

ఆ మాటకు నా ఒళ్లంతా మండిపోయింది. తెల్లవాళ్లు తనను చూసినట్టే తాను రెడ్డెమ్మను చూస్తోందని ఆవిడకు ఎందుకు తట్టదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. తన అవమానం జాతి సమస్య. ఎదుటి మనిషి అవమానం ఇంటి సర్దుబాటు. ఆ మాటే ఆవిడతో అన్నాను. సూట్‌కేసు సర్దుకుని టాక్సీలో అబ్బాసియా వచ్చేశాను. టైలరు భార్య నాకు చాప, దుప్పటి ఇచ్చింది. మిగిలిన వారం అక్కడే.

నా వల్ల ఆమె పని పోతుందేమోనని నాకు దిగులు. మంగళవారం మళ్లీ ఫోన్ చేసింది. అనువాదం సంగతి ఎత్తి క్షమాపణ చెప్పాను. ఆమె ఆ మాట దాటేసింది. మూడు రోజులు మామా తనతో మాట్లాడలేదని, తనే పోయి ఎదురుగా నిలబడ్డానని చెప్పింది. “నీ పిల్లోళ్లను నేను సాకినా. నీ ఇంటి మాట ఒక్కటి బయట చెప్పలా. శుక్రవారం ల్యాకుంటే ఖలాస్, నన్ను ఊరికి పంపించు అని చెప్పినా.”

గురువారం సాయంత్రం మామా ఒప్పుకుంది. అయితే ఇదివరకు రాత్రి ఎనిమిది దాకా ఉన్న సెలవు ఇప్పుడు సాయంత్రం నాలుగింటి దాకే అయింది. బృందం చేసిన ఉపకారం ఇది.

రెండో శుక్రవారం టైలరు ఫ్లాటులో పదకొండు మంది ఆడవాళ్లు చేరారు. రెడ్డెమ్మే పిలిచింది. పన్నెండింటికి అల్మాజ్ కూడా వచ్చింది, చర్చికి వెళ్లడానికి దొరికిన రెండు గంటల్లోంచి. ఆమె కూర్చోగానే కడప వైపు ఒకావిడ తన చాప పక్కకు లాక్కుంది.

“ఈ నల్లోళ్లను ఎందుకు పిలిచినావు రెడ్డెమ్మా? మన మాటలు మనం మాట్లాడుకునేకి ల్యాకుండా.”

శ్రీలతగారి హాల్లో నేను చూసిందే ఇక్కడా.

“మొన్న నన్ను వంటింట్లో పెడితే నాకు నీళ్లిచ్చింది ఆయమ్మే,” అంది రెడ్డెమ్మ. “ఆయమ్మ లేస్తే నేనూ లేస్తా.”

కడప ఆవిడ, ఇంకొకావిడ లేచి వెళ్లిపోయారు. రెడ్డెమ్మ వాళ్లను ఆపలేదు. ముఖం మాత్రం చిన్నబోయింది, వాళ్లు ఏళ్లుగా తెలిసినవాళ్లు. మిగిలినవాళ్లు అరబ్బీ, హిందీ, తెలుగు కలిపి గంటన్నర మాట్లాడారు. సగం నాకు అర్థం కాలేదు. నా కోసం ఎవరూ అనువదించలేదు, నేనూ అడగలేదు. మధ్యలో లేచి వెళ్లేముందు అల్మాజ్ ఆ మూడు మాటలూ తన భాషలో కాగితం మీద రాసుకుంది.

శనివారం తిరుగు ప్రయాణం. విమానాశ్రయంలో కూర్చుని ఉండగా శ్రీలతగారి సందేశం వచ్చింది, ఆ ఫోటో వేసుకుని వాళ్ల పత్రికకు ఒక పేజీ వ్యాసం రాసివ్వమని. రెడ్డెమ్మ చెప్పిన మూడు మాటలూ అలాగే వేసి, మీ ఇళ్లలో వాటిని ఎవరెవరు అమలు చేశారో పేర్లతో సహా వేస్తే రాస్తానని జవాబిచ్చాను. మళ్లీ సందేశం రాలేదు.

ఆదివారం చెన్నై నుంచి బస్సు. తిరుపతి దాటి భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే మా సంఘం కోశాధికారి ఫోన్ చేసింది, ఆమె లాయరు. సభ ఎలా జరిగిందని అడిగింది. చెప్పి, మా కార్యవర్గం సంగతి ఎత్తాను. తొమ్మిది మందిమి. టీచర్లు, లాయరు, నేను. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనిషి అందులో ఒక్కరూ లేరు. వాళ్లంతా మా దగ్గర కేసులు. నా కార్యదర్శి పదవి రెడ్డెమ్మ చెల్లెలికి ఇద్దాం అన్నాను. ఆమె కూడా నాలుగేళ్లు కువైట్‌లో చేసి వచ్చింది.

“ఆమెకు మినిట్స్ రాయడం రాదు కదక్కా,” అంది కోశాధికారి.

ఆ మాట గతంలో నేను కూడా అన్నాను, ఇదే గొంతుతో. కువైట్ ఎలా ఉందని అడిగేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే: అక్కడ నేను చూసి కోప్పడ్డ ప్రతిదీ రాయచోటిలో మా సంఘం గదిలోనూ ఉంది, ఎనిమిదేళ్లుగా ఉంది, తాళం చెవి నా దగ్గరే ఉంది.

“ఆమె చెబుతుంది, నేను రాస్తాను,” అన్నాను. “చెప్పింది చెప్పినట్టు రాస్తాను.”

ఘాట్‌లో సిగ్నల్ పోయింది. పీలేరు రాగానే మళ్లీ ఫోన్ చేశాను.