వణకని గొంతు

ఆ రోజుల్లో నేను మనుషులను చూడటం మానేసి తూకం వేయడం మొదలుపెట్టాను. రాస్తున్న నవలలో ఒక హంతకుడున్నాడు. చేయి వణకదు, గొంతు మారదు, ఎదుటివాళ్ల నొప్పి వాడికి అంటదు, అబద్ధం మంచినీళ్లు తాగినంత తేలిగ్గా ఆడతాడు. ఇలాంటివాళ్లు జైళ్లలోనే కాదు, ఆపరేషన్ గదుల్లో, కోర్టుల్లో, దుకాణాల్లో కూడా మర్యాదగా బతికేస్తుంటారని ఎక్కడో చదివాను. ఇంకేముంది, గద్వాలలో నా కంటపడ్డ వాళ్లంతా అనుమానితులే. నాయన నేసిన చీరకు నవ్వుతూనే వంక పెట్టే షావుకారికి పదికి తొమ్మిది మార్కులు వేశాను.

ఒక మధ్యాహ్నం నాయన మగ్గం మీదే ఒరిగిపోయాడు. అమ్మ పరుగున వచ్చి, ముందు ఆయన చేతిలోని, అడ్డపోగు నడిపే నాడె తీసి పక్కన పెట్టింది. పట్టు అంచు మీద పడిన చేతిని పోగు తెగకుండా మెల్లగా జరిపింది. ఆ తర్వాతే భుజాలు పట్టి లేపింది. నాకు ఒళ్లు మండింది. మనిషి పోతుంటే పోగు ముఖ్యమా?

పక్కింటివాళ్ల కారులో వనపర్తి దవాఖానకు తీసుకెళ్లాం. అక్కడి కుర్ర డాక్టరు నాయన గుండె సంగతి బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు.

“రేపటి దాక ఏం చెప్పలేం.”

బయట బెంచీ మీద కూలబడ్డాను. నాయన లేని ఇల్లు ఊహకే అందలేదు. అయినా చేయి ఫోను తీసింది. ‘పెదాలు నీలం. గోళ్లలో ఎర్ర రంగు. అమ్మకు పోగే ముఖ్యం, పదికి ఎనిమిది. డాక్టరు రాయి.’ నవలకు పనికొస్తాయని రాసుకుంటూ పోయాను.

అమ్మ పక్కన వచ్చి కూర్చుంది. “ఏం రాస్తున్నవ్ బిడ్డా?”

“డాక్టరు చెప్పిన మందులు.”

“జర సదువు. నాకు అక్షరం రాదాయె, యాదిల పెట్టుకుంట.”

చదివాను. పొద్దున తెల్ల గోళీ, మధ్యాహ్నం పచ్చది, తిన్నాక ఎర్రది. గొంతు ఎక్కడా వణకలేదు. అమ్మ కళ్లు మూసుకుని, వేళ్లు మడుస్తూ మళ్లీ మళ్లీ చెప్పుకుంది.

మర్నాడు నాయన కళ్లు తెరిచాడు. తెరిచీ తెరవగానే, “పోగులు తెగినయా?” అన్నాడు.

“ఒక్కటి గూడ తెగలే,” అంది అమ్మ. ఆయన ముఖం తేటపడింది. అమ్మకు నేను వేసిన మార్కులు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇంటికి పంపే రోజు డాక్టరు మందులు వివరిస్తుంటే అమ్మ అడ్డుపడింది. “మధ్యానం పచ్చ గోళీ గదా సారూ? మా బిడ్డ రాస్కున్నది.”

ఫోను వెనక్కి దాచబోయాను. డాక్టరు నా ముఖం చూశాడు, చేతిలోని ఫోను చూశాడు. అతనికి అర్థమైపోయింది.

“అప్పుడు వేరేవమ్మా. ఇప్పుడు మార్చినం,” అన్నాడు, అదే బస్సు టైము గొంతుతో.

అమ్మ తలూపి, కొత్తవాటికి వేళ్లు మడవబోయి ఆగింది.

“మా బిడ్డ తప్పు రాయదు సారూ,” అంది, నన్ను వెనకేసుకొస్తూ.