పికప్ సీటుకు బంతిపూల హారం

ఆ రోజుల్లో నాకు ఏ కబురు వచ్చినా మా బావ నోటి మీదుగానే వచ్చేది. బావ అంటే మా ఆయనకు సొంత అన్న. పెళ్లి సంబంధం కబురు తెచ్చింది ఆయనే, ఒమాన్‌కు విజిట్ వీసా దొరికిందని చెప్పింది ఆయనే, ఇప్పుడు నేను చెప్పబోయే పికప్ బండి కబురు మోసుకొచ్చిందీ ఆయనే. ఆయన తెచ్చిన కబుర్లలో తప్పున్నది ఒక్కటీ లేదు. (ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.) తప్పంటూ ఉంటే విన్న చెవులది, ఆ చెవులు నావి.

నేను బడికి పోలేదు. మా అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి భజనల పుస్తకంలో వేలు పెట్టి అక్షరాలు నేర్పింది. దానివల్ల నాకు వచ్చిన మాటలన్నీ దేవుడి గదిలో నుంచి వచ్చినవే. దీపం, ధూపం, పీఠం, హారం. వీటికి బయట ప్రపంచంలో ఇంకో అర్థం ఉండొచ్చని పంతొమ్మిదేళ్లకు కూడా నాకు తోచలేదు. అక్షరాలతో పాటు అమ్మ సూది పట్టడం కూడా నేర్పింది. ఆ రెండు విద్యలతోనే ఒమాన్‌లోని రుస్తాఖ్ ఊళ్లో దిగాను. అక్కడ బండ్ల సీట్లకు కవర్లు కుట్టే షాపులో బావ పదిహేనేళ్లుగా ఫోర్‌మన్, మా ఆయన కటింగ్ పని. షాపు యజమానిని అందరూ అర్బాబ్ అనేవారు. ఆయన నా ముఖం చూసి, మిషన్ చూసి, ఒకటే మాట చెప్పాడు. ఒక్క పని చేయించి చూస్తాడు. నచ్చితే నాకు వీసా కాగితాలు, నేను మా ఆయనతోనే ఉండొచ్చు. నచ్చకపోతే విజిట్ వీసా అయిపోగానే తిరుగు విమానం. పెళ్లయి ఎనిమిది నెలలు. అందులో మేమిద్దరం ఒక్కచోట ఉన్నది నలభై రోజులు. రోజూ దీపం పెట్టి, మా ఇలవేల్పును తలుచుకుని, "రాజన్నా, నా చెయ్యి వణకకుండా చూడు" అని మొక్కుకునేదాన్ని. (చెవుల సంగతి చూడమని మొక్కలేదు, అదే పొరపాటు.)

దసరా ఇంకా వారం ఉందనగా బావ షాపు గుమ్మంలో నిలబడి కేకేశాడు.

"బిడ్డా, షేబా పికప్ వచ్చింది. సీట్లకు హార్ గావాల్నట. కవర్లిప్పి నీ పని సురూ జెయ్యి. తమ్ముడు సామాన్ తెచ్చెతందుకు సోహార్ వోతుండు. ఎల్లుండి కరెంటు భాయి వస్తడు."

షేబా అంటే ముసలాయన. కొండ మీది ఊరి నుంచి దిగి వచ్చాడట.

"హారమా బావా?"

"ఆఁ, హారే. రెండు సీట్లకూ. పానం వెట్టి చెయ్యి, నీ కాగితాలు దీని మీదనే ఉన్నయ్."

అని, ఎవరింట్లోనో మజ్లిస్ దిండ్ల, అంటే అతిథుల గది దిండ్ల కొలతలు తీసుకోవడానికి సహం అనే ఊరికి వెళ్లిపోయాడు. మా ఆయన సోహార్ బస్సెక్కాడు. షాపులో నేను, ఒక బెంగాలీ పెద్దాయన మిగిలాం. మా ఇద్దరి మధ్య నవ్వు తప్ప వేరే భాష లేదు.

నా ఆలోచన ఎలా సాగిందో ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గే గానీ, అప్పుడు మాత్రం గొలుసుకు గొలుసు తగిలినట్టు సాగింది. దసరా వస్తోంది. మా ఊళ్లో దసరాకు ట్రాక్టరు నుంచి సైకిలు దాకా ప్రతి బండికీ బంతిపూల హారం వేస్తారు. ఈ దేశంలో పూలు ఎండకు గంటలో వాడిపోతాయి కాబట్టి కుట్టి పెట్టమంటున్నారు. మరి కరెంటు భాయి ఎందుకు? సీరియల్ బల్బులు పెట్టడానికి! వేరే మతం పెద్దమనిషి మా పండుగను ఇంతగా గౌరవిస్తున్నాడే అని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

రెండు రోజులు తల ఎత్తలేదు. నల్ల రెక్సిన్ మీద నారింజ దారం, పసుపు దారం. ఒక్కో పువ్వుకు ఒక్కో భజన. పువ్వుకూ పువ్వుకూ మధ్య ఆకుపచ్చ ఆకు. మధ్యలో బావ ఫోన్ చేశాడు.

"హార్ ఎందాక వచ్చింది బిడ్డా?"

"ఒక సీటు అయింది బావా, రెండోది సగం."

"ఊడిపోవద్దు మల్ల."

"డబల్ కుట్టు వేసిన బావా."

"శబాష్!"

మూడో రోజు పొద్దున కడప నుంచి వచ్చి పదేళ్లుగా అక్కడే ఉంటున్న కరెంటు భాయి పికప్ తలుపు తెరిచి, అలాగే ఆగిపోయాడు.

"ఏం మా, సీటుకు పెండ్లి జేస్తివా?"

"హారం కావాలన్నరు గద భాయీ."

భాయి నవ్వలేక, ఆపుకోలేక టైరు పట్టుకుని కూర్చున్నాడు. "హార్ అంటే అరబీలో వేడి మా! కొండ మీద చలికాలం గడ్డ కడతాది. షేబా అమ్మకు నడుము నొప్పి. ఆమెను ఆసుపత్రికి దింపేటప్పుడు సీటు వెచ్చగా ఉండాలంట. లోపల వేడి పట్టీలు పెట్టేకి సంచులు కుట్టమంటే, నువ్వు పైన తోట పెడితివి!"

వచ్చిన రెండో రోజే మధ్యాహ్నం బండి సీటు మీద కూర్చుని కెవ్వుమని లేచినదాన్ని, సీటు వెచ్చగా కావాలని ఎవరైనా అడుగుతారన్న ఊహ నాకెలా వస్తుంది చెప్పండి? అప్పుడే సోహార్ నుంచి పట్టీల పెట్టెతో మా ఆయన, సహం నుంచి బావ దిగారు. మా ఆయన సీటు చూసి, "ఏం జేసినవే!" అన్నాడు. బావ ఒక్క క్షణం పువ్వుల వంక, ఒక్క క్షణం నా వంక చూశాడు. వెనకాలే అర్బాబ్, షేబా వచ్చారు.

"ఎవరు చేశారిది?" అన్నాడు అర్బాబ్. అరబీలో అన్నా ఆ ప్రశ్న నాకు అర్థమైంది. నిజం చెబుదామని ముందుకు కదిలాను. బావ నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అనా. అనా గల్తాన్," అన్నాడు. నేనే, తప్పు నాదే అని. తల తిప్పకుండా నాకు మాత్రం మెల్లగా, "ఊకో బిడ్డా. నన్నయితే తిడ్తడు గంతే. నిన్నయితే తోలిస్తడు" అన్నాడు.

అర్బాబ్ ఆయన వంక, ఆయన వెనక ఉన్న నా వంక చూశాడు. తర్వాత భాయికి ఏదో చెప్పాడు. కవర్లు విప్పారు, నేను లోపల సంచులు కుట్టాను, భాయి పట్టీలు అమర్చి, వైర్లు లాగి, స్విచ్ బిగించాడు. అంతా అయ్యేసరికి మిట్టమధ్యాహ్నం. అప్పుడు అర్బాబ్ తీర్పు చెప్పాడు: తప్పు చేసినవాడే కూర్చుని సీటు పరీక్షించాలి. అద్దాలు మూసి, ఏసీ ఆపి, స్విచ్ పూర్తిగా పెంచి!

బావ ఎక్కి కూర్చున్నాడు. కాసేపటికి ఆయన చొక్కా నీళ్లలో ముంచి తీసినట్టయింది.

"ఎట్లున్నది అన్నా?" అద్దం దగ్గర మా ఆయన అరిచాడు.

"మంచిగున్నదిరా," లోపలి నుంచి బావ గొంతు. "ఇడ్లీకి ఎట్లుంటదో ఇయ్యాల తెలిసింది."

భాయి దీన్ని అరబీలో చెప్పాడు. ఇడ్లీని ఏమని చెప్పాడో నాకు తెలియదు గానీ, షేబా కడుపు పట్టుకుని నవ్వి, తనే తలుపు తీసి బావను కిందికి దించాడు. తర్వాత సీటు మీద చెయ్యి ఆనించి, అక్కడి నుంచి పువ్వుల మీదికి జరిపి, ఒక్కో పువ్వునూ వేలితో తడిమాడు. భాయి నాకు అర్థం చెప్పాడు: "వాళ్లమ్మకు చూపు ఆనదంట మా. చేతికి తగిలే పూలంటే ఇష్టపడతాదంట. ఉండనీ అంటున్నాడు."

అర్బాబ్ నా వైపు చూసి తల ఊపాడు. నెల తిరగకుండా కాగితాలు వచ్చాయి. ఆ రోజు నేను దేవుడికి పెట్టిన దండాలకు లెక్క లేదు.

షాపంతా ఆ రోజు నుంచి బావకు 'హారం బావ' అని పేరు పెట్టింది. నాకు రావలసిన పేరు. ఆయన ఒక్కసారైనా కాదనలేదు, పిలిస్తే పలికాడు. చాలా ఏళ్ల తర్వాత, అరబీ కాస్త వచ్చాక, మనసు ఆగక అర్బాబ్‌కు అసలు సంగతి చెప్పేశాను. ఆయన నవ్వాడు. "అప్పటికే పదిహేనేళ్లు నా దగ్గర పని చేసినవాడికి హార్ అంటే తెలియదా అమ్మా? నీ కోసం ఎంతసేపు కూర్చుంటాడో చూద్దామనుకున్నాను," అన్నాడు.

ఇప్పుడు సహంలో నాకో చిన్న కుట్టు షాపు ఉంది. కస్టమర్ ఏ మాట చెప్పినా మూడుసార్లు అడిగి, చేత్తో చూపించుకుంటే గానీ కత్తెర పట్టను. అప్పుడప్పుడు నారింజ దారం చేతికొస్తే, ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల సీరియల్ బల్బుల కోసం ఎదురుచూస్తూ కనబడుతుంది. దాన్ని చూస్తే నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా, ఎందుకంటే ఏ మాట విన్నా దానికి అందులో పండుగే వినబడేది.

బావ ఊరికి వెళ్లిపోయాడు. ఈమధ్య నడుము పట్టేసి మంచం దిగడం లేదట. పోయిన నెల కరెంటుతో వేడెక్కే పరుపు ఒకటి పంపాను, చుట్టూ బంతిపూల హారం కుట్టి. "ఈ తాప సరిగ్గనే విన్నవ్ బిడ్డా," అన్నాడు ఫోన్‌లో. మీరెవరూ ఆయనను చూసి ఉండరు. అయినా ఈ సాయంత్రం మీ ఇంట్లో దీపం వెలిగించేటప్పుడు, మా హారం బావ నడుమును ఒక్కసారి తలుచుకోండి.