గసగసాల పాయసం, ఒక ఫిర్యాదు

తొంభైల చివర్లో బెంగళూరు యలహంకలో ఉన్నప్పుడు, వినాయక చవితికి మా పక్కింటివాళ్ళు గసగసాల పాయసం చేసి వీధిలో ఇంటింటికీ గిన్నె పంపారు. గిన్నెలన్నీ మా గేటు ముందు నుంచే వెళ్ళాయి, లోపలికి ఒక్కటీ రాలేదు. "మర్చిపోయుంటారు లెండి" అంది మా ఆవిడ. వీధంతా గుర్తున్నవాళ్ళు గోడ పక్క ఇంటిని ఎలా మర్చిపోతారు?

సొంత పంటతో పాయసం చేసి చూపిద్దామనుకున్నాను. దసరా అయ్యాక అంగట్లో కొన్న గసగసాలనే మిద్దె మీద కుండీల్లో చల్లాను. చలికి ఏపుగా వచ్చాయి. తెల్లటి పూలు రాలి, నెత్తిన కిరీటం పెట్టుకున్నట్టు గుండ్రటి కాయలు నిలిచాయి. అవి ఎండి, ఊపితే గలగలమనే వేళకు, ఒకరోజు పొద్దున చూస్తే ఒక్క కాయ మిగిలింది. మా మిద్దెకూ పక్కింటి మిద్దెకూ మధ్య మోకాలెత్తు గోడే.

మిగిలిన కాయను రుమాల్లో చుట్టుకుని స్టేషనుకు వెళ్ళాను. అక్కడ నన్ను ఎరగనివాళ్ళు లేరు. నేను కనిపిస్తే ఎస్సై పెన్నుకు మూత పెట్టేసేవాడు. ఆరోజు మాత్రం కాయను చూసి నిటారుగా కూర్చున్నాడు.

"ఇది పెంచింది ఎవురు సార్?"

"నేనే. విత్తింది, నీళ్ళు పోసింది అంతా నేనే. వీధంతా సాక్షి."

"ఎన్ని ఉండాయి?"

"మిద్దె నిండా."

"ఇది నల్లమందు మొక్క సార్. లైసెన్సు లేకుండా పెంచితే జైలు. దొంగ సంగతి ఆమేలె చూద్దాం. ముందు మీరు కూర్చోండి."

కూర్చున్నాను. సాక్షిగా పక్కింటాయనను పిలిపించారు. ఇక నన్ను లోపల వేయడమో వదలడమో ఆయన నోటిమాట మీద ఉంది.

"ఆయప్పకు ఏమీ తెల్దు సార్" అన్నాడాయన. "మేము పాయసం ఈలేదని పంతానికి ఏసినాడు. కాయలు కోసింది మా ఇంట్లోవాళ్ళే. పొద్దున్నే పాయసం చేసుకుని తినేసినాం."

ఎస్సై మీసం కింద నవ్వాడు. బతికిపోయానని తెలిసింది. అయినా ఊరుకోలేకపోయాను.

"చూశారా సార్, ఈసారీ మాకు పంపలేదు. అదీ రాసుకోండి."

ఏమీ రాసుకోలేదు. కానిస్టేబులును వెంట పంపి మొక్కలన్నీ పీకించి కాల్పించాడు. దొంగతనం ఫిర్యాదు తీసుకోలేదు.

సాయంత్రం పక్కింటాయనే మళ్ళీ చేయించిన పాయసం గిన్నె పట్టుకొచ్చాడు. మా ఆవిడ రెండుసార్లు వడ్డించుకుంది. నేను ముట్టలేదు. ఆయనను గుమ్మంలోనే ఆపి, చవితికి ఎందుకు పంపలేదని అడిగాను.

"మా మోరీ పొంగుతాదని మీరు కంప్లైంట్ ఇచ్చినారు గదా సార్."

ఇచ్చాను. ఆ మురుగు కాలువ ఆరోజు కూడా పొంగుతూనే ఉంది. మర్నాడు మళ్ళీ ఇచ్చాను.