చెయ్యెత్తినా ఆగని బండి

ఫెబా నడిపే క్రూజర్ జీపు బీదర్ నుంచి చిట్గుప్ప చేరేలోపు ఎన్నిసార్లు ఆగేదో ఆ దేవుడికే ఎరుక. దారిలో ఎవరి చెయ్యి లేచినా ఆమె కాలు బ్రేకు మీదికి పోయేది. సంతకు పోయే ముసలివాళ్లు, మేకపిల్లను చంకనెత్తుకున్నవాళ్లు, ఊరికే పలకరిద్దామని చెయ్యి ఊపినవాళ్లు కూడా ఆ బండిని ఆపేసేవాళ్లు. అది ఆమె తండ్రి జయానందం పెట్టిన ఆచారం. షుగరు వల్ల చూపు మందగించి ఆయన చిమ్కోడ్‌లో ఇంటిపట్టున కూర్చున్నాక స్టీరింగు కూతురి చేతికొచ్చింది, దాంతోపాటు ఆచారమూ వచ్చింది.

ఆమె పిన్ని కొడుకు స్టాన్లీ హైదరాబాద్‌లో బాడీగార్డు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు అతనే నిప్పు రాజేశాడు. "పెద్ద పెద్ద మేడమ్‌లు ఆడ డ్రైవరే కావాలంటుండ్రు చెల్లె. యాడా దొరుకుతలేరు. ప్రాణం కాపాడే డ్రైవింగు వేరే ఉంటది, అది నేర్సుకో. నౌకరి నేను మాట్లాడ్త."

ఆ మాట ఫెబా బుర్రలో తిష్ఠ వేసింది. తల్లి ఎలీసబెతు ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. "పక్కింటి సంగమేశ్ ఒక్క నెల మన బండి నడ్పుతనన్నడు. ఆ నెలల వచ్చిందా సరే. రాలేదా, మల్ల ఈ ముచ్చట ఎత్తొద్దు." అంటే ఆ డ్రైవింగు నేర్చుకోవడానికి ఎంచుకునేది ఒక్క బడినే. ఆ ఎంపిక తప్పితే ఇక జన్మంతా చిట్గుప్ప రోడ్డే.

స్టాన్లీ చెప్పిన డ్రైవింగు బడులు రెండు. మొదటిది హైదరాబాద్‌లో. గేటు దగ్గర నుంచే ఆర్భాటం. నల్లకళ్లద్దాల మాస్టర్లు, టైర్ల పొగ, గిర్రున వెనక్కి తిరిగే కార్లు. ఫెబాను కూర్చోబెట్టి బండి తిప్పమన్నారు. తిప్పింది. చప్పట్లు కొట్టారు. "మీరు పుట్టిందే దీనికోసం మేడమ్, రేపే చేరిపోండి" అన్నారు. పొగడ్త ఎవరికి చేదు? ఆమె బస్సులో కూర్చున్నా నేల మీద లేదు.

రెండోది భాల్కి దగ్గర. భీమ్‌రావ్ అనే రిటైరైన పోలీసు డ్రైవరు నడుపుతున్నాడు. గేటూ లేదు, బోర్డూ లేదు. ఆయన తన పాత కారు వెనక సీట్లో కూర్చుని, "నేను సాబును. నన్ను సంపాలని ఎవడో తిరుగుతుండు. బీదర్ దాక తీస్కపో" అన్నాడు. ఫెబా జోరుగా పోనిచ్చింది. ఊరు దాటిందో లేదో, జొన్నచొప్ప మోపుతో ఒకావిడ రోడ్డు పక్క నుంచి చెయ్యెత్తింది. ఇంకేముంది, బండి ఠక్కున ఆగింది. ఆవిడ మోపు కింద పడేసి, వెనక తలుపు తీసి దర్జాగా ఎక్కి కూర్చుని, భీమ్‌రావ్ డొక్కలో వేలితో పొడిచింది.

"సాబు ఖతం" అంది. ఆవిడ భాగీరథి, ఆయన భార్యే.

"ఎందుకాపినవ్ బిడ్డా?" అన్నాడు భీమ్‌రావ్.

"చెయ్యెత్తింది గద సార్."

ఆయన నవ్వలేదు, తిట్టనూ లేదు. "ఈ అలవాటు పోతెనే పనికొస్తవ్. పోవుడు కష్టం" అన్నాడు. ఫెబాకు తల తీసేసినట్టయింది.

ఆ సాయంత్రం వాకిట్లో కూర్చుని తండ్రికి అంతా చెప్పి, హైదరాబాద్‌కే పోతానంది. జయానందం విని, "వాళ్లు నీల ఏం తప్పు పట్టిండ్రు?" అని అడిగాడు.

"ఏం పట్టలే నాయినా."

"భీమ్‌రావ్?"

"ఒక్కటే పట్టిండు. అది నీ దగ్గర నేర్సుకున్నదే."

ఆయన మనసు చివుక్కుమందేమోనని ఫెబా భయపడింది. ఆయన మాత్రం, "నా బండిల ఎక్కెటోళ్లంత మనోళ్లే. ఆపిన, మంచిగనే చేసిన. రేపు నీ బండిల ఒక్కామెనే కూసుంటది. ఆమెను సంపెటోడు గూడ చెయ్యే ఎత్తుతడు. తప్పు సూపినోని దగ్గరికే పో బిడ్డా" అన్నాడు.

భాల్కికే పోయింది. అక్కడ పొగ లేదు, చప్పట్లూ లేవు. పొద్దున్నే పోయి దారి చూసి రావాలి, ఆసుపత్రి ఎటో ఠాణా ఎటో గుర్తుపెట్టుకోవాలి, బండి ఎప్పుడూ బయటికి పోయేవైపే ముఖం పెట్టి నిలపాలి. ముందున్న బండికి మరీ దగ్గరగా ఆపితే భీమ్‌రావ్ చిటికె వేసేవాడు, పక్కకు తప్పుకునే జాగా ఉండాలిగా! ఇవన్నీ ఫెబాకు ఇట్టే వచ్చేశాయి. దారిలో ఎవరైనా చెయ్యెత్తినప్పుడే వచ్చింది చిక్కు. కాలు ఆగదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా, భాగీరథి కూడా ఆశ వదులుకుంది.

నెల ముగియవస్తుండగా ఫెబా భాగీరథినే మేడమ్‌గా కూర్చోబెట్టుకుని చిట్గుప్ప నుంచి బీదర్‌కు బయలుదేరింది. ఎర్రటి ఎండ. ఊరి చివర ఒకావిడ సంచీతో నిలబడి ఉంది. పరీక్ష కోసం పెట్టిన మనిషి కాదు. ఎలీసబెతు. చిట్గుప్పలో చుట్టాలను చూసి తిరిగి వస్తూ, కూతురు కనబడగానే సంబరంగా చెయ్యెత్తింది.

"పాపం, ఎవరో ముసలామె. ఆపు బిడ్డా" అంది వెనక నుంచి భాగీరథి, నిజంగానే జాలిపడి.

ఫెబా కాలు బ్రేకు దాకా పోయింది. అక్కడే నిలిచింది, నొక్కలేదు. బండి తల్లి ముందు నుంచే సాగిపోయింది. అద్దంలో ఆ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఫెబా కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ బండి వేగం తగ్గించలేదు. భాగీరథిని బీదర్‌లో దించాకే నోరు విప్పి, "ఆమె మా అమ్మ" అంది. ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

ఇల్లు చేరేసరికి ఎలీసబెతు అప్పుడే బస్సు దిగి వచ్చి, కొంగుతో విసురుకుంటోంది.

"నన్ను సూసినవా, సూడలేదా?"

"సూసినమ్మా."

"సూసి గూడ ఆపలే?"

ఫెబా తల ఊపింది. ఎలీసబెతు కూతురిని దగ్గరికి లాక్కుని, చెమట పట్టిన నుదురు కొంగుతోనే తుడిచింది.

"మంచిగ చేసినవ్ బిడ్డా. నీ వెనక కూసుండేటామెకు గూడ ఇంట్ల దారి సూసే తల్లి ఉంటది. ఆమె సల్లగ ఇల్లు చేరాలె. నాకేంది, బస్సులు లేవా?"