చిన్నత్త మెడలో గంట

మా కూతురి కూతురికి ఆరేళ్లొచ్చినా మాట రాలేదని, వారానికొకసారి ఒక టీచరమ్మ సంచీ తగిలించుకుని కొండెక్కి మా ఇంటికి వస్తోంది. మొన్న ఆమె పిల్ల వెనక కూర్చుని చిన్న గంట మోగిస్తే, పిల్ల మెల్లగా తల తిప్పి చూసింది, ఇంట్లోవాళ్లంతా చప్పట్లు కొట్టారు, నేను మాత్రం పొయ్యి మీద ఏదో మాడుతోందని చెప్పి పెరట్లోకి వెళ్లిపోయాను. ఎందుకు వెళ్లానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చనిపించి ఇలా మొదలుపెట్టాను.

మా నాన్న చెల్లెలు, మా చిన్నత్త, ఒంటికి ఇరవై ఏళ్లున్నా బుద్ధికి నాలుగేళ్లే. ఒకసారి సంత నుంచి తోలుకెళ్తున్న మేకల వెనకాలే నడుచుకుంటూ పోయి రెండు ఊళ్ల అవతల దొరికిందట. అప్పటినుంచి మా నాన్నమ్మ ఆవు మెడలోని చెక్కగంట విప్పి ఆమె మెడలో కట్టింది. ఇప్పటివాళ్లు వింటే ముఖం చిట్లిస్తారేమో గానీ, ఆ గంట ఉన్నందుకే ఆమెను ఎవరూ ఆపేవారు కాదు. పచ్చగా పూసిన వలిసె చేలల్లో, పసుపు మళ్ల గట్ల మీద, అడ్డాకులు కోసే ఆడవాళ్ల వెంట ఎక్కడ తిరిగినా లొటలొటమని చప్పుడు వస్తూనే ఉండేది, నాన్నమ్మ చోళ్లు విసురుతూ ఒక చెవి అటే వేసి ఉంచేది. చప్పుడు దూరమైందంటే నాకు పిలుపు వచ్చేది.

"ఒలే గుంటా, మీ అత్త గెడ్డ దాటుతున్నాది, బేగెల్లు."

నాకప్పుడు తొమ్మిదేళ్లు. సరిగ్గా ఆట రసపట్టులో ఉన్నప్పుడే ఆ పిలుపు వచ్చేది, నేను లేచి పరిగెత్తాల్సి వచ్చేది, తోటి పిల్లలు "మీ ఆవు తప్పిపోనాదే, ఎతుక్కో" అని ఏడిపించేవారు. వాళ్లను ఏమీ అనలేకపోయేదాన్ని, ఆ కసంతా చిన్నత్త మీదికి మళ్లింది.

వలిసె పూలు రాలిపోయే రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఆమె పాక నీడలో నిద్రపోతుంటే, నేను తడిగడ్డి నలిపి గంట లోపల గట్టిగా కుక్కాను. ఆమె లేచి మెడ ఊపింది, చప్పుడు లేదు, రెండు చేతులతో పట్టుకుని ఊపింది, చెవి దగ్గర పెట్టుకుని విన్నది, చివరకు నా ముఖంలోకి చూసింది. పిల్లలంతా పడీ పడీ నవ్వుతున్నారు. వాళ్లు మొదటిసారి నన్ను చూసి కాకుండా నాతో కలిసి నవ్వుతున్నారు, అది నాకు ఎంతో తియ్యగా ఉంది, అక్కడితో ఆపబుద్ధి కాలేదు.

"నీ గంట గొంతు కొండ మీదికెలిపోనాది అత్తా, ఎల్లి తెచ్చుకో," అని చెయ్యి చూపించాను.

ఆమె నా మాట నమ్మి వెళ్లింది.

రెండు రోజులు ఊరు ఊరంతా గంట చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కొండంతా తిరిగారు. మూడోనాడు వెదురు కొట్టుకునేవాళ్లకు కొండవాగులో, గెడ్డ రాళ్ల మధ్య, కాలు విరిగి దొరికింది. మా నాన్న ఆ రాళ్ల పక్క నుంచే రెండుసార్లు నడిచి వెళ్లాడట.

నాన్నమ్మ గంటలోంచి గడ్డి లాగి అరచేతిలో పెట్టుకుని చూసింది. పిల్లలం భయంతో నోరు మూసుకున్నాం.

"దొంగబుద్ది పుట్టినాది దీనికి. నాకు ఇనబడకుండా కుక్కుకున్నాది," అంది. ఆ రోజే పశువుల పాక గుంజకు తాడు వేసి, రెండో కొస చిన్నత్త బాగున్న కాలికి కట్టింది. గంట మళ్లీ ఆవు మెడకు వెళ్లింది. సాయంత్రం ఆవు ఇంటికి వస్తుంటే, గుంజ దగ్గర కూర్చుని ఈమె తన మెడ ఊపుకునేది.

ఏడాది తర్వాత, సంతలో మందులివ్వడానికి విశాఖ నుంచి వచ్చిన డాక్టరొకాయన, మా ఊళ్లకు తిరిగే నర్సమ్మ చెబితే మా ఇంటిదాకా నడిచి వచ్చాడు. తాడు చూసి ఎవరినీ కోప్పడలేదు. గుంజ దగ్గర నేల మీదే కూర్చుని చిన్నత్తతో కాసేపు గులకరాళ్లాడాడు. ఆ తర్వాత, ఒకప్పుడు గంట కట్టేవాళ్లమని విని, అది మంచి ఉపాయమమ్మా, మళ్లీ కట్టి తిరగనివ్వండి అన్నాడు.

"గడ్డి కుక్కుకొని పారిపోనాది బాబూ. ఈపాలి పీనుగే దొరుకుతాది," అంది నాన్నమ్మ.

"ఆమె కుక్కుకోవడం ఎవరు చూశారు?"

"ఈ గుంట ఎప్పుడూ దానెంటే ఉంటాది. దీన్నడగండి."

నా చంకలో నీళ్ల బిందె ఉంది. ఆయన నా వైపు తిరిగి, తొందరేం లేదు, చెప్పమ్మా అన్నాడు. నేను నిజం చెబితే తాడు ఆ పూటే ఊడేది. నాన్నమ్మ చేతిలోని కర్ర నాకు కనబడుతూ ఉంది.

"అదే కుక్కుకున్నాది," అన్నాను. "నాను సూసినాను."

డాక్టరు లేచి, తాడు కాస్తయినా పొడుగు చెయ్యమని చెప్పి వెళ్లాడు. నాన్నమ్మ రెండు మూరలు పొడిగించింది. ఆ పొడుగులోనే చిన్నత్త పదకొండేళ్లు తిరిగి, ఒక చలికాలం జ్వరంతో పోయింది. కన్నకూతురు తనను మోసం చేసిందనుకుంటూనే ఆ మరుసటేడు నాన్నమ్మా పోయింది.

కాలం మారిందంటే మారింది మరి. తారురోడ్డు వచ్చింది, ఇంటికే టీచరమ్మ వస్తోంది, మా మనవరాలిని చూసి ఎవరూ నవ్వరు, ఎవరైనా నవ్వితే దాని తల్లి ఊరుకోదు. డాక్టరొచ్చిన రోజు మా వాకిట్లో ఉన్నవాళ్లలో నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదు. ఎప్పుడైనా చిన్నత్త మాట వస్తే, ఆ రోజుల్లో ఈ కొండలకు డాక్టరన్నవాడు ఎక్కడొచ్చాడు, వచ్చుంటే ఆ పిల్లకు ఆ తాడు తప్పేది కదా అని మావాళ్లు నిట్టూరుస్తారు.

అవును, ఎవరూ రాలేదు, అంటాను నేను.