గిన్జాలో జాకెట్టు గుడ్డ

ఆఫీసు పని మీద టోక్యో వచ్చిన మా ఆయనతో నేనూ అమెరికాలోని నోవై నుంచి వచ్చాను. ఈ రోజు గిన్జాకి, అంటే ఇక్కడి ఖరీదైన షాపుల పేటకి, ఒక్కదాన్నే వెళ్తానంటే ఆయన నవ్వారు. "నోవైలోనే షాపులో నోరు తెరవవు, ఇక్కడేం మాట్లాడతావ్?"

సంచిలో నా వంకాయరంగు చీర పెట్టుకుని బయలుదేరాను. దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ అమెరికాలో ఎక్కడా దొరకలేదు. అద్దాల మేడల మధ్య ఒక పాత పట్టుబట్టల కొట్టు కనిపించింది. లోపలికి వెళ్లి చీర బల్ల మీద పరిచాను. కొట్టులోని పెద్దావిడకు ఇంగ్లీషు రాదు, నాకూ అంతంత మాత్రమే. ఆవిడ చీర అంచు పట్టి చూసి, నాలుగు గుడ్డలు తీసి, నన్ను గుమ్మం బయటికి తీసుకెళ్లింది. రంగు ఎండలో చూడాలని! మా ఊళ్లో మేం చేసేదీ అదే. మొదటి మూడు గుడ్డలకీ తల అడ్డంగా ఊపాను. నాలుగోది చూసి ఇద్దరం ఒకేసారి నవ్వాం. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, చిన్నది కాబట్టి రెండు మీటర్లు తీసుకున్నాను.

సాయంత్రం ఆయన గుడ్డ చూసి, "ఏ భాషలో మాట్లాడావే?" అన్నారు.

"జాకెట్టు గుడ్డ కొనడానికి భాషెందుకండీ?" అన్నాను.

నోవైలో జాకెట్లు బాగా కుట్టేవాళ్లుంటే నంబరు చెప్పండి. ఈసారి ఫోన్ ఆయన కాదు, నేనే చేస్తాను.