బోణీ బేరానికి లొంగని నీళ్లు

మాది అంగళ్ల వంశం. అంగడి తెరవగానే వచ్చిన మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపకూడదని మా నాయన నేర్పినాడు. ఆ పాఠాన్ని తిరగేసి వాడుకోవడం నేను సొంతంగా నేర్చుకున్నాను. ఏది కొనాలన్నా బోణీ వేళకే పోతాను. కాడుగోడిలో మా అపార్ట్‌మెంట్‌కు నన్ను సెక్రటరీ చేసింది కూడా ఈ బేరమాడే నోటిని చూసే.

ఎనిమిది ఇళ్లు, ఒకటే బోరు. కావేరి నీళ్ల పైపు మా వీధి మొగదలదాకా వచ్చి ఆగిపోయింది. తాగే నీళ్లకు పరీక్ష రిపోర్టు చూపించమని నీళ్ల ఆఫీసు నుంచి నోటీసొచ్చింది. శాంపిల్ పంపిస్తే నైట్రేటు హద్దు దాటిందని ల్యాబు నుంచి ఫోను.

కింది ఇంటి పెద్దమ్మ కూతురు పురిటికి వచ్చి ఉంది. తల్లిపాలు చాలక బిడ్డకు డబ్బా పాలు పడుతున్నారు, మా బోరు నీళ్లతోనే కలిపి. పెద్దమ్మ నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"ఏమప్పా, నీళ్లు బాగుండాయంటనా?"

"స్వల్ప ఎక్కువుందంట పెద్దమ్మా. నేను మాట్లాడతాలే."

"ఎవురితో?"

అది నేను ఆలోచించలేదు.

మరుసటి రోజు ల్యాబు షట్టరు ఎత్తేసరికి ఎదురుగా నేను. పరీక్షలు చేసే అమ్మాయి ఇంకా కోటు తొడుక్కుంటోంది.

"స్వల్ప తగ్గించి రాయమ్మా, బోణీ వేళ."

"ఫీజయితే తగ్గిస్తాను సార్. నైట్రేటు ఎట్ల తగ్గించేది?"

"సగానికి అడగలేదు కదమ్మా. హద్దు లోపలికి తోస్తే చాలు."

ఆమె నవ్వింది. అవతలివాళ్లు నవ్వితే బేరం కుదిరినట్టేనని మా అంగళ్లలో నమ్మకం. నేనూ నవ్వాను. ఆమె ఠక్కున ఆపి, "పసిబిడ్డలున్నారా సార్ మీ బిల్డింగులో?" అంది.

ఉన్నారన్నాను. ఆ నీళ్లు పాలపొడిలో కలపొద్దంది. బిడ్డ నెత్తురుకు ప్రాణవాయువు సరిగ్గా అందదట, పెదాలు నీలబడతాయట.

"బాగా కాచే పడతారమ్మా."

"కాస్తే ఇంకా చిక్కబడుతుంది సార్. ఆవిరయ్యేది నీళ్లే, నైట్రేటు లోపలే ఉంటుంది."

ఈ మాట పెద్దమ్మకు చెప్తే, "కాస్తే పోని చెడుపుంటుందా? నాకు చెప్పొచ్చినావు!" అని, పొయ్యి మీది గిన్నెను ఇంకాసేపు మరగనిచ్చింది.

ట్యాంకరు తెప్పించాను. ఆ నీళ్లూ ల్యాబుకిచ్చాను. మా బోరుకంటే అధ్వానం. విచారిస్తే ఆ ట్యాంకరు నింపుకునేది మా వెనక వీధి బోరులోనే.

ఇక మిగిలింది మూల మీద క్యాన్ల అంగడి. మిషనుతో వడకట్టిన నీళ్లు.

"రిపోర్టు ఉందా?"

"యాడో ఉండాలన్నా. ఫిల్టరు మార్చినప్పటిది."

"ఎప్పుడు మార్చినావు?"

"పోలీసోడి మాదిరి అడుగుతుండావే! నువ్వే పరీక్ష చేయించన్నా. బాగుంటే చెప్పు, గోడకు తగిలిస్తా."

"బాగాలేకుంటే?"

"ఎవురికీ చెప్పొద్దు. ఈ వీధంతా మళ్లీ ఏం తాగాల?"

పరీక్షకిచ్చినా రిపోర్టు వచ్చేదాకా బిడ్డ పాలు దేంతో కలపాలి? అవీ మంచివి కావని వస్తే? క్యాను భుజానికెత్తుకుని, అడిగినంత చేతిలో పెట్టాను. నేనింకా బేరం మొదలుపెడతానని అంగడివాడు అట్లే చూస్తూ నిలబడ్డాడు.

పెద్దమ్మ తలుపు తీసింది.

"ఇవన్నా మంచివేనాప్పా?"

మా నాయన అంగట్లో రోజూ విన్న ప్రశ్నే. "మంచివే పెద్దమ్మా" అన్నాను, అచ్చం ఆయన గొంతుతో.

ఆమె పొయ్యి మీది నీళ్లు పారబోసి, అదే గిన్నెలో ఈ నీళ్లు పోసి మళ్లీ పొయ్యి మీదే పెట్టింది. లోపల బిడ్డ పాలకు ఏడుస్తోంది.